ఆవకాయ నిలిచింది, కాలీఫ్లవర్ పొంగింది: గోపాలపట్నం ఇంట్లో ఒక కేసు

విశాఖలో వానలు మొదలైన రోజుల్లో గోపాలపట్నం నుంచి ఒక కోడలు ఫోన్ చేసింది. కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ కలిపి వెనిగర్‌లో ఊరబెట్టిన సీసా మూత తిప్పగానే బుస్సుమని గ్యాస్ వచ్చిందట. లోపలి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయట. "వాసన మరీ చెడ్డగా ఏమీ లేదు మేడమ్, ఇంకొంచెం ఉప్పేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోతుందా?" అని అడిగింది. తినొద్దు, ఉప్పెయ్యొద్దు, నేను చూసేదాకా పారబొయ్యొద్దు అని చెప్పాను.

ఇంట్లో ఆహారం నిల్వ చేసే పద్ధతులు నేర్పడం నా పని. ఇళ్లకీ మహిళా సంఘాలకీ వెళ్లి పచ్చళ్లు, వడియాలు, ఎండుచేపలు, ఊరబెట్టిన కూరగాయలు చూసి, కొలిచి, ఏది ఉంచుకోవచ్చో ఏది తీసెయ్యాలో చెబుతుంటాను. ఇలాంటి ఫోన్లు మామూలే. ఈ ఇంటి కేసును వివరంగా రాయడానికి కారణం వేరే ఉంది. ఒకే వంటింట్లో, ఒకే అటక మీద, ఏడాది దాటినా చెక్కుచెదరని ఆవకాయ జాడీ ఒకటి ఉంది. దాని పక్కనే పాడైన సీసాలు మూడున్నాయి. ఏది ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో ఇంత స్పష్టంగా పక్కపక్కనే దొరకడం అరుదు.

అటక మీద ఉన్నవి

మొదటిది అత్తగారి ఆవకాయ. కిందటి వేసవిలో పెట్టింది. పైన నూనె తేరుకుని ఉంది, ముక్క గట్టిగా ఉంది, వాసన శుభ్రంగా ఉంది.

రెండోది కూడా ఆవకాయే, కానీ ఈ వేసవిలో మామగారి కోసం విడిగా పెట్టింది. ఆయనకి బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పారు, అందుకని సగానికి సగం తగ్గించారు. గుండెకి మంచిదని నూనె కూడా తగ్గించారు. దాని మీద తెల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా బూజు పట్టింది. మూడోది కోడలు ఫోన్‌లో చెప్పిన కూరగాయల సీసా. నాలుగోది రొయ్యల పచ్చడి. దాని గురించి ఫోన్‌లో ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది బాగానే ఉంది. ఘుమఘుమలాడుతోంది కూడా. నాకు ఎక్కువ భయం వేసింది దాన్ని చూసే.

పెద్దావిడ మొదటి మాటే సూటిగా అడిగారు: "నలబై ఏళ్ల నుంచి పెడతన్నాను. ఏ కొలతా కొలవను. నా ఆవకాయ ఎప్పుడూ పాడవ్వలేదు. ఇవెందుకు పోనాయో చెప్పమ్మా."

ఆవిడ ప్రశ్న న్యాయమైనది. ఈ కేసంతా ఆ ప్రశ్నకి జవాబే.

ఆవకాయ ఎందుకు నిలిచిందంటే

పచ్చి మామిడి దానంతటదే చాలా పులుపు. పీహెచ్ 3 అటూ ఇటూగా ఉంటుంది. పీహెచ్ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. ఆహార నిల్వలో అన్నిటికంటే గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన అంకె 4.6. అంతకంటే కిందకి దిగితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం బొట్యులినం బాక్టీరియా బీజాలు మొలకెత్తి పెరగలేవు. మామిడి ఆ గీతకి చాలా కింద ఉంటుంది.

దాని మీద ఉప్పు. పెద్దావిడ నౌపడ కల్లుప్పు తెప్పించి, ఎండబెట్టి, దంచి వాడతారు. ఆవిడ వేసినట్టే గిన్నెతో వెయ్యమని, ప్రతి గిన్నెనీ కాటా మీద తూచాను. మొత్తం పచ్చడి బరువులో ఉప్పు 13 శాతం దగ్గర తేలింది. ఉప్పునీళ్లలో ఊరే పచ్చళ్లకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కనీస హద్దు 12 శాతం. ఏ పుస్తకమూ చూడకుండా ఆవిడ చెయ్యి ఆ హద్దు దాటి నిలబడింది. ఆవపిండిలోని ఘాటు సూక్ష్మజీవులకి పడదు. నూనె గాలిని లోపలికి రానివ్వదు, గాలి లేకపోతే బూజుకి బతుకు లేదు. పులుపు, ఉప్పు, ఆవ, నూనె అని నాలుగు కాళ్ల మీద నిలబడిన మంచం అది. ఒక కాలు కాస్త పొట్టిదైనా మిగతా మూడూ మోస్తాయి.

అంటే ఆవిడ చేతి కొలత తప్పు కాదు. అది మామిడికాయకి కుదిరిన కొలత. తరతరాలుగా మామిడితో, నిమ్మతో, ఉసిరితో, చింతకాయతో సరిచూసుకుంటూ వచ్చిన కొలత. ఇవన్నీ పుల్లటివే. అదే చేతిని కాలీఫ్లవర్ మీదకీ రొయ్య మీదకీ తీసుకెళ్లినప్పుడు కింద పులుపు అనే ఆధారం లేదు. క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్ల పీహెచ్ ఐదు దాటి, ఆరు దాకా ఉంటుంది. రొయ్య దాదాపు ఏడు. వాటికి కావలసిన పులుపంతా మనమే బయటి నుంచి పొయ్యాలి. ఎంత పోస్తున్నామో తెలియకపోతే నడవదు.

కూరగాయల సీసా

కోడలు ఒక అమెరికన్ వీడియో చూసి మొదలుపెట్టింది. అందులో సగం వెనిగర్, సగం నీళ్లు. ఇక్కడే మొదటి మెలిక ఉంది. అక్కడి వంటకాలు 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్‌ని లెక్కలో పెట్టుకుని రాస్తారు. మన దగ్గర వెనిగర్‌కి చట్టం అడిగే కనీసం 3.75 శాతం, కిరాణా కొట్లో దొరికే తెల్ల సీసాల మీద ఎక్కువగా 4 శాతం అని ఉంటుంది. ఈ ఇంట్లో సీసా కూడా 4 శాతానిదే. సింథటిక్ అని రాసి ఉన్నా నిల్వకి పనికొస్తుంది, ఆ మాట చూసి భయపడక్కర్లేదు. చూడవలసింది శాతం. శాతం రాయని సీసా, రోడ్డు పక్క నూడుల్స్ బండికి డబ్బాల్లో పోసే వెనిగర్, వంటలో చల్లుకోవడానికి సరే, సీసాలో నిల్వ పెట్టడానికి వద్దు.

రెండో మెలిక అత్తగారి నాలుక. రుచి చూసి, పళ్లు పులిసిపోతున్నాయే, తగ్గించు అన్నారు. కోడలు అత్తమాట తీసెయ్యలేక వెనిగర్ తగ్గించి, ముక్కలు మునగాలి కదా అని నీళ్లు పోసింది. గుర్తున్నంతవరకు చెప్పమని అడిగి, అవే గిన్నెలతో మళ్లీ కొలిపించాను. కిలో ముక్కలు, 150 మి.లీ. వెనిగర్, 650 మి.లీ. నీళ్లు, రెండు టేబుల్‌స్పూన్ల సన్న ఉప్పు.

ఇప్పుడు లెక్క. 150 మి.లీ.లో 4 శాతం అంటే 6 గ్రాముల ఆమ్లం. ఆ 6 గ్రాములూ వెనిగర్‌లో మాత్రమే ఉండిపోవు. పోసిన నీళ్లలోకీ వెళ్తాయి, ముక్కల్లో ఉన్న నీటిలోకీ వెళ్తాయి. కూరగాయలో పదింట తొమ్మిది వంతులు నీరే. నాలుగు రోజులు గడిచేసరికి సీసాలో ఉన్న మొత్తం 1800 గ్రాములకీ ఆ ఆరే పంచుకోవాలి. అంటే 0.33 శాతం. వెనిగర్‌లో పెట్టే పచ్చళ్లకి మన ప్రమాణం అడిగేది కనీసం 2 శాతం. ఉప్పు కూడా అంతే. టేబుల్‌స్పూన్ సన్న ఉప్పు సుమారు 18 గ్రాములు, రెండు స్పూన్లకి 36. మొత్తం మీద చూస్తే 2 శాతం.

ఈ 2 శాతం ఉప్పు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే. క్యాబేజీని పులియబెట్టేవాళ్లు కావాలని 2 నుంచి 2.5 శాతం ఉప్పు వేస్తారు. ఆ కాస్త ఉప్పులో చెడ్డ బాక్టీరియా వెనకబడి, పెరుగు పులిసేటట్టు చేసే జాతి ముందుకొస్తుంది. అది పుల్లటి ఆమ్లాన్ని తనే తయారు చేసుకుంటుంది. దారిలో గ్యాస్ కూడా వస్తుంది. కోడలి సీసాలో జరిగింది అరకొరగా అదే. వెనిగర్ నిల్వ చేసేంత లేదు. అలాగని శుభ్రంగా పులియనిచ్చే ఏర్పాటూ లేదు. మూత బిగించి, ముప్పై దాటిన వేడిలో అటక మీద వదిలేశారు. ఊరబెట్టడమూ కాలేదు, పులియబెట్టడమూ కాలేదు. ఈస్ట్‌లు, రకరకాల బాక్టీరియా ఎవరికి వారు పెరిగాయి. అందుకే గ్యాస్, అందుకే తెల్లటి కలక.

నీళ్లలో పీహెచ్ 4.4 చూపించింది. కాలీఫ్లవర్ మొదలు దగ్గరి లావు కాడను కోసి, నూరి కొలిస్తే 4.8. పులుపు నీళ్లలో మొదలై ముక్క లోపలికి మెల్లగా చేరుతుంది. లావు ముక్కలో నడిమికి చేరేసరికి సత్తువ అయిపోయింది. ఇక్కడ ఒక మాట. పసుపూ కారమూ ఉన్న పచ్చళ్లలో రంగు మారే కాగితాల పట్టీలను నమ్మకండి, పచ్చడి రంగే పట్టీ మీదకి ఎక్కుతుంది. చిన్న డిజిటల్ మీటర్ వాడాలి. వాడే ముందు ప్రతిసారీ 4, 7 పీహెచ్ ద్రావణాలతో సరిచూసుకోవాలి. ముక్కను డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా కలిపి మెత్తగా నూరి కొలవాలి.

కోడలికి ఇంకో అనుమానం ఉంది: సీసాలోని వెల్లుల్లి రెబ్బలు నీలంగా, ఆకుపచ్చగా మారాయి. విషమేమో అని టెన్షన్ పడింది. అది విషం కాదు. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు పులుపు తగిలినప్పుడు అలా రంగు మారతాయి. ఆ సీసాలో అందరూ భయపడింది నీలం రెబ్బలను చూసి. భయపడవలసింది మాత్రం లావు కాడల నడిమి భాగాన్ని చూసి.

బీపీ ఆవకాయ

దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. ఉప్పు సుమారు 6 శాతానికి పడింది, నూనె ముక్కల పైకి రాలేదు, గాలి తగిలింది. పులుపుని చూసి బాక్టీరియా భయపడుతుంది కానీ బూజు భయపడదు. బూజు తీసేసి కింది పచ్చడి వాడుకుందామని పెద్దావిడ అన్నారు, చాలా ఇళ్లలో అలాగే చేస్తారు. నేను వద్దన్నాను. పైకి కనిపించేది బూజులో కొంతే. అది పచ్చడిలోని ఆమ్లాన్ని తింటూ పెరుగుతుంది, కిందనున్న ముక్క పులుపు తగ్గిపోయి మిగతా వాటికి దారి తెరుచుకుంటుంది.

బీపీ ఉన్నవాళ్ల విషయంలో నేను అందరికీ చెప్పేది ఒకటే: ఉప్పు తగ్గించవలసింది జాడీలో కాదు, కంచంలో. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 12 శాతం ఉప్పున్న ఆవకాయ 20 గ్రాములు, అంటే మామూలుగా కంచంలో పడే ఒక ముద్ద, తింటే దానిలోనే 2.4 గ్రాములు. దాదాపు సగం కోటా. కాబట్టి మామగారికి ఆవకాయ రోజూ కుదరదు. ఎప్పుడో ఒకసారి చిన్న ముక్క. లేదూ తక్కువ ఉప్పుదే కావాలంటే వారానికి సరిపడా తాజాగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి, దాన్ని ఊరగాయ అనుకోకూడదు, కూర అనుకోవాలి. మామగారు ఈ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన కష్టం నాకు అర్థమైంది.

రొయ్యల పచ్చడి

ఆ రొయ్యలు జాలరిపేట దగ్గర పొద్దున్నే కొని తెచ్చినవి. తాజావి. శుభ్రంగా ఒలిచి, పసుపూ ఉప్పూ వేసి నీరు ఇగిరేదాకా ఉడికించి, నూనెలో వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, మసాలా కలిపి, చల్లారాక నిమ్మరసం పిండారు. వంట ప్రకారం చూస్తే వంక పెట్టేది లేదు. సీసాలో నింపి, పైన నూనె తేలేలా పోసి, అటక మీద పెట్టారు.

గుజ్జుని కొలిస్తే 4.4. ముక్కని తీసి, పైన మసాలా తుడిచి, నడిమి నుంచి కోసి కొలిస్తే 5.7.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే నన్ను భయపెట్టింది. నాలుకకి తగిలేది గుజ్జు. పుల్లగా ఉంది కాబట్టి నిలుస్తుందని నాలుక చెబుతుంది. ముక్క లోపల మాత్రం పులుపు లేదు, తడి ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, చుట్టూ నూనె గాలి రాకుండా మూసేసింది. బొట్యులినం బీజాలకి సరిగ్గా కావలసినవి ఇవే: గాలి ఉండకూడదు, పులుపు తక్కువగా ఉండాలి, వెచ్చగా ఉండాలి. ఆ బీజాలు మామూలు ఉడుకుకి చావవు. మామిడికి రక్షణగా నిలిచిన నూనె రొయ్యల దగ్గరికి వచ్చేసరికి ప్రమాదానికి తోడైంది. ఉప్పైనా పది శాతం ఉంటే ఆ బీజాలని ఆపేది. ఇందులో నాలుగు శాతం కూడా లేదు, అంతకంటే వేస్తే నోట పెట్టలేరు కాబట్టి.

ఆ బీజాలు మొలకెత్తి పెరిగితే వదిలే విషానికి వాసన లేకపోవచ్చు, రుచి లేకపోవచ్చు. పాడైందో లేదో నాలుక మీద వేసుకుని చూస్తాననడం ఈ ఒక్క పచ్చడి దగ్గర పనికిరాదు. ఆ మాట చెప్పినప్పుడు కోడలు ముఖం పాలిపోయింది. ముందు రోజే ఇంట్లో ఇద్దరు కొంచెం వేసుకుని తిన్నారు. వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. అయినా చూడవలసిన గుర్తులు చెప్పాను: కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతాయి, కొన్నిసార్లు వారం పైన కూడా పడుతుంది. ఒక్కటి కనిపించినా కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో వెళ్లి, ఏం తిన్నారో డాక్టర్‌కి ముందే చెప్పాలి. అదృష్టం కొద్దీ ఆ అవసరం రాలేదు.

"ఇన్ని రొయ్యలు, పారబోసీమంటావేటమ్మా?" అని పెద్దావిడ అడిగారు. రొయ్యల ధర నాకు తెలుసు. ఆ పచ్చడి వెనక ఒక పూటంతా నిలబడి ఒలిచిన చేతుల కష్టమూ తెలుసు. అయినా పారబోయమన్నాను. పనమ్మాయికి ఇవ్వడం గానీ, వీధి పిల్లులకి వెయ్యడం గానీ వద్దన్నాను. చేతులకి తొడుగులు వేసుకుని, సీసాతో సహా సంచిలో కట్టి పారేయించాను. గట్టునీ గరిటెలనీ సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్లతో తుడిపించాను.

చేపల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కానాగంతలు, కవ్వళ్లు లాంటి చేపలు పట్టిన తర్వాత ఎండలో కాసేపు ఉన్నా వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పుట్టాక ఉప్పు, వెనిగర్, వేపుడు ఏదీ దాన్ని తీసెయ్యలేదు. చేపను పచ్చడి పెట్టాలనుకునేవాళ్లు మొదటి జాగ్రత్తగా హార్బర్ నుంచి ఇంటిదాకా ఐసు పెట్టుకోవాలి, వెనిగర్ సంగతి ఆ తర్వాత. మంచుగడ్డ దగ్గర లోపం జరిగితే సీసా దగ్గర సరిదిద్దలేం.

మళ్లీ పెట్టిన విధానం

డిజిటల్ కాటా కొన్నారు. మొదటి మార్పు అదే. గ్లాసులతో ఉప్పు కొలవడం మానెయ్యాలి, ఎందుకంటే అదే గ్లాసులో సన్న ప్యాకెట్ ఉప్పు దండిగా కూరుకుంటుంది, కల్లుప్పు గళ్ల మధ్య ఖాళీలు ఉంటాయి, బరువు తక్కువ తూగుతుంది. ఒకరు దంచిన కల్లుప్పుతో చెప్పిన కొలతను ఇంకొకరు ప్యాకెట్ ఉప్పుతో వేస్తే ఒకటి ఉప్పుకషాయం, తిరగేస్తే ఇంకొకటి బూజు. గ్రాములకి ఆ గొడవ లేదు. అయోడిన్ ఉప్పు వాడినా ప్రమాదమేమీ లేదు, నీళ్లు కొద్దిగా మబ్బుగా కనిపిస్తాయంతే. తేటగా కావాలంటే కల్లుప్పును నీళ్లలో కరిగించి, గుడ్డలో వడకట్టి వాడాలి.

రెండోది, ముక్కల నీళ్లు ముందే తీసెయ్యడం. కాలీఫ్లవర్ కాడల్ని సన్నగా చీల్చి, మొత్తం ముక్కలకి ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న ఊరిన నీళ్లు వంచేసి, శుభ్రమైన గుడ్డ మీద ఫ్యాను కింద ఆరబెట్టాం. విశాఖ వానాకాలంలో ఎండ కాసినా గాలిలో తడి పోదు. డాబా మీద వేస్తే ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. ఫ్యాను గాలే నమ్మకం.

మూడోది వెనిగర్. కిలో ముక్కలకి లీటరు 4 శాతం వెనిగర్, నీళ్లు చుక్క కూడా కలపకుండా. 40 గ్రాముల ఆమ్లం, రెండు కిలోల మీద పంచితే 2 శాతం. ప్రమాణం చెప్పిన చోటికి నేరుగా వస్తుంది. మరి అత్తగారి పళ్ల సంగతి? నీళ్లు పోస్తే పులుపూ తగ్గుతుంది, రక్షణా తగ్గుతుంది. తీపి వేస్తే నాలుకకి పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది, ఆమ్లం మాత్రం అలాగే ఉంటుంది. అనకాపల్లి బెల్లం ఇంట్లో ఉంది. దాన్ని వెనిగర్‌లో వేసి ఒక పొంగు రానిచ్చి వడకట్టాం. రంగు ముదురు తేనెలా వచ్చింది, రుచి అందరికీ నచ్చింది. ఎక్కువసేపు మరగనివ్వలేదు, ఆవిరితో పాటు ఆమ్లం కూడా కొంత పోతుంది కాబట్టి.

వీడియోలో చూపించిన తక్కువ పులుపు రకమే కావాలనుకునేవాళ్లకి లెక్క చెబుతాను. అక్కడ అర లీటరు 5 శాతం వెనిగర్, అర లీటరు నీళ్లు. 25 గ్రాముల ఆమ్లం. మన 4 శాతం సీసాతో అంతే రావాలంటే 625 మి.లీ. వెనిగర్, 375 మి.లీ. నీళ్లు. సగం సగం పోస్తే 20 గ్రాములే వస్తాయి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఐదో వంతు పులుపు తరిగిపోయినట్టు. ఈ తక్కువ పులుపు రకం ఫ్రిజ్‌లోనే ఉండాలి.

వెనిగర్ కాచడానికి ఇత్తడి గిన్నె తీయబోయారు. ఆపాను. కళాయి లేని ఇత్తడిలో, రాగిలో పులుపు మరిగితే లోహం అందులో కరుగుతుంది. అల్యూమినియం కూడా ఉప్పుకీ పులుపుకీ తట్టుకోదు. మంచి స్టీలు గిన్నెలో కాచి, గాజు సీసాల్లో పోశాం. ఇనుప మూతల లోపల పూత గీసుకుపోయి ఉంటే వెనిగర్ ఆవిరికి తుప్పు పడుతుంది, అలాంటివి పక్కన పెట్టించాను.

పచ్చడి నింపిన సీసాలను మూతతో సహా మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి గాలి చొరకుండా మూసే పద్ధతి ఒకటుంది. దానికి ప్రత్యేకమైన మూతలు కావాలి. పాత జామ్ సీసాల మూతలు రెండోసారి సరిగ్గా పట్టుకుంటాయన్న నమ్మకం లేదు. అందుకని ఈ ఇంటికి ఫ్రిజ్ అనే చెప్పాను. ఆ పద్ధతి నేర్చుకునేవాళ్లు మాత్రం ఎత్తుని కూడా చూసుకోవాలి. విశాఖలో నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి, 10 నిమిషాలకి బదులు 15 పెట్టాలి.

రొయ్యల దగ్గర పని అంత తేలిక కాలేదు. ఉడికించి వేయించిన రొయ్యల్ని వాటి బరువుకి సమానమైన వెనిగర్‌లో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టించాను. మర్నాడు ముక్క నడిమిలో 4.5 వచ్చింది. గీతకి లోపలే, కానీ అంచు మీద ఉంది. మాంసకృత్తులు ఆమ్లాన్ని మింగేస్తాయి, కూరగాయకి సరిపోయిన కొలత రొయ్యకి చాలదు. ఆ వెనిగర్ వంచేసి కొత్తది పోసి మళ్లీ నానబెడితే 4.2కి దిగింది. అప్పుడు మసాలా కలిపారు. పెద్దావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇది రొయ్యల పచ్చడి కాదమ్మా అన్నారు. నిజమే, రొయ్య తీపి మొత్తం పోయింది, ముక్క బిరుసెక్కింది.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ఇంట్లో రొయ్యల్నీ చేపల్నీ వెనిగర్‌తో బయట నిల్వ ఉండేలా చెయ్యాలని తంటాలు పడకండి. ఆవిడ పాత పద్ధతిలోనే, అదే నిమ్మరసంతో చేసుకుని, ఒక్కో పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోమన్నాను. తీసిన డబ్బా ఫ్రిజ్‌లోనే కరగాలి, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. రుచి పోదు, భయమూ లేదు. ఇంట్లో ఉన్న ఫ్రీజర్‌కి పని చెప్పడం చిన్నతనమేమీ కాదు. ఆవిడ ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

తర్వాత

కొత్త కూరగాయల సీసాలను కొన్ని వారాల తర్వాత వెళ్లి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, మూత తీస్తే చప్పుడు లేదు. నీళ్లలోనూ లావు కాడలోనూ పీహెచ్ 3.7, 3.8. రెండింటి మధ్య తేడా దాదాపు పోయిందంటే పులుపు నడిమిదాకా చేరిందన్నమాట. కాలీఫ్లవర్ కరకరలాడుతోంది. మామగారు దాన్ని బెల్లం వెనిగర్ నుంచి తీసి, పెరుగన్నంలోకి ఆవకాయకి బదులు తింటున్నారు. ఉప్పు ఆవకాయలో కంటే చాలా తక్కువ, పులుపు ఉంది కాబట్టి లోటు తెలియడం లేదని అన్నారు. రోజుకి రెండు ముక్కలు మించొద్దని కోడలికి చెప్పాను.

పెద్దావిడ ఆవకాయకి మాత్రం కాటా పెట్టనన్నారు. పెట్టక్కర్లేదని నేనూ అన్నాను. తక్కువ ఉప్పుతో మళ్లీ ప్రయత్నించనంతవరకు ఆ చేతి కొలతకి ఢోకా లేదు. కోడలికి నేర్పేటప్పుడు ఒక్కసారి తూచి రాసుకోనివ్వమని అడిగాను. ఒప్పుకున్నారు.

వీధిలో వాళ్లు రుచి చూసి సీసాలు కొంటామని అడుగుతున్నారట. అమ్మవచ్చా అని కోడలు అడిగింది. రొయ్యలది వద్దు, ఏ రూపంలోనూ వద్దు అని చెప్పాను. ఫ్రీజర్‌లో ఉన్నంతసేపే అది సురక్షితం, కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఎక్కడ పెడతారో మన చేతిలో ఉండదు. కూరగాయల వెనిగర్ పచ్చడికి సరేనన్నాను, కొన్ని షరతులతో. ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఆమ్లం శాతం పరీక్ష. ప్రతి విడతకీ ముక్కల బరువు, వెనిగర్ శాతం, పోసిన కొలత, వారం తర్వాత లావు ముక్క నడిమి పీహెచ్ నోటుబుక్కులో రాయాలి. 4.2 దాటిన విడత ఇంటి గడప దాటకూడదు. లేబుల్ మీద తయారు చేసిన తేదీ, ఫ్రిజ్‌లో ఉంచాలన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. కోడలు అప్పుడే నోటుబుక్కు తెచ్చి గీతలు గీసింది. మీటర్ ఎక్కడ దొరుకుతుందో, సరిచూసే ద్రావణాలు తెరిచాక ఎన్నాళ్లు పనికొస్తాయో అడిగి మొదటి పేజీలోనే రాసుకుంది.